చక్రాలున్న ఇల్లు... అమ్మబోతే అడవి!

ఇసుకతీరం, గాడిద స్వారీలు, వేడివేడి చేపముక్కలు, వాటితోపాటు గట్టు వెంబడి బారులు తీరిన వేలాది క్యారవాన్‌లు... ఇంగ్లండ్ తూర్పుతీరంలోని స్కెగ్నెస్ అంటే ఇవే. రిటైరయ్యాక సముద్రం పక్కన ఓ బుల్లి ఇల్లు ఉండాలన్న కోరికతో అక్కడ క్యారవాన్ కొనుక్కునే కుటుంబాలు ఎన్నో. మరి దాన్ని తిరిగి అమ్ముకోవాల్సి వస్తే? ఆ కథే ఇది.

లీసెస్టర్, నాటింగ్‌హామ్, డెర్బీ... ఇంగ్లండ్ నడిమధ్యన ఉన్న ఈ ఊళ్లకి సముద్రం ఎటు చూసినా దూరమే. ఉన్నంతలో దగ్గరి తీరం స్కెగ్నెస్. అందుకే ఆ ఊళ్లవాళ్లకి అది మనకి సూర్యలంక, మంగినపూడి లాంటిది. ముద్దుగా ‘స్కెగ్గీ’ అని పిలుచుకుంటారు. లీసెస్టర్‌లో ఉంటున్న మా తమ్ముడి దగ్గరికి మేం వెళ్లింది ఆగస్టులో. ఆ నెల చివరి సోమవారం అక్కడ బ్యాంక్ హాలిడే. ‘శని, ఆది, సోమ... మూడు రోజులు కలిసొచ్చాయి అక్కా, సముద్రానికి పోదాం’ అన్నాడు తమ్ముడు. మరదలు పులిహోర, చేగోడీలు కట్టింది. మావారూ నేనూ, తమ్ముడూ మరదలూ, వాళ్ల పాపా ఐదుగురం కారులో బయల్దేరాం.

డెల్టాని తలపించే దారి

దూరం 150 కిలోమీటర్లకి కాస్త అటూఇటూ. కానీ మోటార్‌వే లేదు. మెల్టన్ మోబ్రే, గ్రాంథమ్, బోస్టన్ ఊళ్ల మీదుగా ఇరుకు రోడ్లలో, ట్రాక్టర్ల వెనక పోవాలి. గ్రాంథమ్ మార్గరెట్ థాచర్ పుట్టిన ఊరు. ఐజాక్ న్యూటన్ చదువుకున్న బడీ అక్కడే ఉంది. అది దాటాక కొండా గుట్టా మాయమైపోతాయి. నేల చాపలా పరుచుకుంటుంది. ఒకప్పుడు చిత్తడి నేలలు ఇవి. కాల్వలు తవ్వి, కట్టలు పోసి, నీళ్లు తోడి పొలాలుగా మార్చారు. కనుచూపుమేర క్యాబేజీ, బంగాళాదుంప. ‘ఇదేంటి, రేపల్లె వైపు వెళ్తున్నట్టుంది!’ అన్నారు మావారు. కొబ్బరిచెట్లొక్కటే తక్కువ. బోస్టన్‌లో చర్చి గోపురం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. అమెరికాలోని బోస్టన్‌కి ఆ పేరొచ్చింది ఈ ఊరి నుంచే.

స్కెగ్నెస్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరి మధ్యలో ఎర్ర ఇటుకల గడియారస్తంభం. విక్టోరియా రాణి పాలన వజ్రోత్సవానికి గుర్తుగా కట్టి 1899లో ప్రారంభించారు. దాని పక్కనుంచి నడిస్తే తీరం. విశాలమైన ఇసుక. పిల్లల్ని ఎక్కించుకుని గంటలు మోగిస్తూ నడిచే గాడిదలు. గాలి మాత్రం మామూలుగా లేదు! ఆగస్టులోనూ శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. నీళ్లలో కాలు పెడితే జిల్లుమంది. ఆ చలిగాలినే ఊరివాళ్లు వ్యాపారంగా మార్చుకున్నారు. 1908లో ఓ రైల్వే కంపెనీ కోసం జాన్ హాసల్ అనే చిత్రకారుడు గీసిన పోస్టర్‌లో బొద్దుగా ఉన్న జాలరి ఒకడు చేతులు చాచి ఇసుకమీద గంతులేస్తుంటాడు. ఇక్కడి గాలి ఎంత ఉత్సాహమో చూడండని ఆ బొమ్మ అర్థం. ఇప్పటికీ ఊరికి గుర్తు ఆ జాలరే.

రైలు తెచ్చిన జనం

1873లో రైలు రాకముందు ఇదో చిన్న పల్లె. రైలుతోపాటే జనం వచ్చారు. 1881లో సముద్రంలోకి పొడవాటి వంతెనలాంటి పియర్ కట్టారు. 1978 జనవరిలో వచ్చిన తుపాను దాన్ని మధ్యకి విరిచేసింది. మిగిలిన ముక్కమీద ఇప్పుడు ఆటల యంత్రాలున్నాయి. బిల్లీ బట్లిన్ 1927లో ఇక్కడ వినోదాల పార్కు పెట్టాడు. 1936లో పక్కనే ఇంగోల్‌మెల్స్‌లో తన మొదటి హాలిడే క్యాంప్ తెరిచాడు. చిన్నచిన్న గదులు, మూడుపూటలా భోజనం, పాటలు, పోటీలు... అన్నిటికీ కలిపి ఒకే ధర. రెండేళ్లకి, 1938లో, జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. మిల్లు కార్మికులూ, గని కార్మికులూ కుటుంబాలతో సముద్రం చూడగలిగింది అలాంటి మార్పుల వల్లే. యుద్ధకాలంలో ఆ క్యాంప్ నౌకాదళ శిక్షణ కేంద్రమైంది. తర్వాత మళ్లీ తెరుచుకుంది. ఇప్పటికీ నడుస్తోంది.

క్యాంపులో గది అద్దెకి తీసుకోలేనివాళ్లు ఊరుకోలేదు. పాత రైలుపెట్టెలూ, బస్సులూ తెచ్చి ఇసుకదిబ్బల మీద పెట్టుకున్నారు. అవే వాళ్ల వేసవి విడిదులు. తీరమంతా ఇలా నిండిపోతోందని స్థానిక కౌంటీ 1932లో ఇసుకదిబ్బల రక్షణకి ప్రత్యేకంగా చట్టమే తెచ్చుకుంది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పోటెత్తి ఈ తీరంమీద పడింది. ఇంగ్లండ్‌లో ఆ రాత్రి 307 మంది చనిపోయారు. మన దివిసీమ గుర్తొచ్చి మనసు బరువెక్కింది. తర్వాత ఎత్తయిన కాంక్రీటు గట్లు కట్టారు. ఆ గట్ల వెనక్కాలే ఇప్పుడు క్యారవాన్‌లు. ఇంగోల్‌మెల్స్ నుంచి ఉత్తరంగా మేబుల్‌థార్ప్ దాకా పార్కు పక్కన పార్కు. గట్టెక్కి చూస్తే ఒకవైపు సముద్రం... రెండోవైపు లేత ఆకుపచ్చ, మీగడ రంగుల్లో పైకప్పుల సముద్రం!

కదలని బండి

క్యారవాన్ అనగానే కారు వెనక తగిలించుకుని తిరిగే బండే అనుకుంటాం. ఇవి అవి కావు. వీటిని ‘స్టాటిక్ క్యారవాన్’ అంటారు. 10, 12 అడుగుల వెడల్పు, 30 నుంచి 40 అడుగుల పొడవు. లోపల హాలు, వంటిల్లు, రెండు మూడు పడకగదులు, స్నానాలగది. సోఫాలు, గ్యాస్ హీటరు, ఫ్రిజ్ అన్నీ అమర్చే ఇస్తారు. ఇలాంటివి తయారుచేసే ఫ్యాక్టరీలు ఎక్కువగా ఉన్నది హల్ నగరం చుట్టుపక్కల. లారీమీద తెచ్చి పార్కులో దించుతారు. నీళ్లు, కరెంటు, గ్యాస్, మురుగుగొట్టం కలుపుతారు. ఇక అది కదలదు.

మరి అడుగున చక్రాలెందుకు? వంగి చూసిన మా పాప ప్రశ్న. సమాధానం చట్టంలో ఉంది. ఒకచోటి నుంచి మరోచోటికి తరలించగలిగేదే క్యారవాన్ అని 1960 నాటి చట్టం చెబుతుంది. తరలించగలిగితే అది భవనం కాదు, బండి. బండి మీది. కింద నేల మాత్రం పార్కుది. మొత్తం తిరకాసంతా ఆ ఒక్క మాటలో ఉందని మాకు మర్నాడు తెలిసింది.

మేం అద్దెకి తీసుకున్నది రెండు గదుల క్యారవాన్. పాపకి బొమ్మరిల్లులా నచ్చేసింది. పార్కులో ఈతకొలను, పిల్లల క్లబ్బు, చిన్న కొట్టు. సాయంత్రం చెక్క వరండాలో కూర్చుని చేగోడీలు తింటుంటే ‘ఇదేదో బాగుంది వదినా, మనమూ ఒకటి కొనేద్దామా’ అంది మరదలు. ఆ మాట గాల్లో ఉండగానే అన్నట్టు, మర్నాడు పొద్దున అమ్మకాల ఆఫీసు నుంచి కుర్రాడొచ్చాడు. టీ ఇచ్చి, కొత్త మోడళ్లు చూపించాడు. 38 వేల పౌండ్లు. వాయిదాలూ ఉన్నాయట. పౌండు వంద రూపాయలకి పైనే కదా... నేను మనసులో లెక్కేసుకుని నోరు మూసుకున్నాను. తమ్ముడి కళ్లల్లో మెరుపు. ‘వారం వారం రావొచ్చు అక్కా. హోటల్ ఖర్చు మిగుల్తుంది’ అన్నాడు.

‘మి డక్’ చెప్పిన లెక్క

మా పక్క క్యారవాన్‌లో ఒంటరిగా ఓ పెద్దావిడ ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. గుమ్మంలో కుండీల్లో ఎర్రటి జెరేనియం పూలు. పాపని చూసి ‘అయ్ అప్, మి డక్’ అని పలకరించింది. ‘అమ్మా, నన్ను బాతు అంటోంది!’ అని ఒకటే ఏడుపు పాప. మన బంగారం, చిట్టితల్లి అన్నట్టు ఆ ప్రాంతంలో అదో ముద్దుమాట. చిన్నా పెద్దా, ఆడా మగా ఎవరినైనా ‘మి డక్’ అనే అంటారట.

పులిహోర గిన్నెతో మేమూ, బిస్కెట్ల డబ్బాతో ఆవిడా... ఇరుగుపొరుగైపోయాం. భర్త నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గుగనిలో పనిచేశాడు. ఆవిడ బట్టల మిల్లులో కుట్టుపని. తొమ్మిదేళ్ల క్రితం, రిటైర్మెంట్ డబ్బుతో, 36 వేల పౌండ్లు పెట్టి ఈ క్యారవాన్ కొన్నారు. మనవలంతా వేసవి సెలవులు గడిపింది ఇక్కడే. పోయిన చలికాలం ఆయన చనిపోయాడు. ఆవిడకి కారు నడపడం రాదు. పిల్లలు ఎప్పుడో తప్ప రాలేరు. కానీ స్థలం అద్దె మాత్రం ఆగదు. మొదట్లో ఏడాదికి 3,600 ఉండేది, ఇప్పుడు 5,400 పౌండ్లు. మార్చిలోపు కట్టాలి. ఆవిడ పింఛనులో అది పెద్ద ముక్క. అందుకే అమ్మేద్దామనుకుంది.

కొనేవాళ్లూ దొరికారు. అదే పార్కులో, రెండు వరసల అవతల ఏటా అద్దెకి దిగే కుటుంబం. 9,500 పౌండ్లకి బేరం కుదిరింది. సంతోషంగా ఆఫీసుకెళ్లి చెప్పింది. అప్పుడు మొదలైంది అసలు కథ.

ఆఫీసువాళ్లు మూడు దారులు చూపించారు. మొదటిది- పార్కే కొనుక్కుంటుంది. ఎంతకి? 3,000 పౌండ్లకి. రెండోది- తను తెచ్చుకున్న మనిషికే అమ్ముకోవచ్చు. కానీ అమ్మిన ధరలో 15 శాతం పార్కుకి కమీషన్. దానిమీద 20 శాతం వ్యాట్. గ్యాస్, కరెంటు తనిఖీకి 180. ‘బదిలీ ఖర్చుల’ కింద మరో 450. మూడోది- క్యారవాన్‌ని పార్కులోంచి తీసుకుపోవచ్చు. గొట్టాలు, వైర్లు విప్పి, వరండా ఊడదీసి, ట్రాక్టరుతో గేటు దాకా లాగినందుకు 1,200. అది కాక లారీ ఖర్చు.

మూడో దారి వింటే మనకి సబబే అనిపిస్తుంది. చక్రాలున్నాయిగా, తీసుకుపోతే సరి! కానీ తీసుకుపోయి ఎక్కడ పెడతారు? ఇంకో పార్కులో పెట్టాలంటే వాళ్లూ ఒప్పుకోవాలి. చాలా పార్కులు బయటి నుంచి పాత క్యారవాన్‌ల్ని రానివ్వవు. తామే కొత్తవి అమ్మితే కదా వాళ్లకి లాభం! సముద్రం పక్కన నీళ్లూ కరెంటూ కలిపి ఉన్నప్పుడు 9,500 పలికే క్యారవాన్, గేటు దాటితే 2,000 పలకడమూ కష్టమేనని ఆవిడ వాకబు చేసి తెలుసుకుంది. అంటే విలువంతా బండిది కాదు, అది నిలబడ్డ చోటుది. ఆ చోటు తనది కాదు.

తమ్ముడు సెల్‌ఫోన్ తీసి లెక్క కట్టాడు. 9,500లో 15 శాతమంటే 1,425. వ్యాట్ 285. తనిఖీ 180. బదిలీ 450. మొత్తం 2,340 పౌండ్లు. చేతికొచ్చేది 7,160. తొమ్మిదేళ్లలో కట్టిన స్థలం అద్దెలు దాదాపు 40 వేలు ఎటూ పోయినవే. ‘కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అంటే ఇదే’ అన్నారు మావారు. ఆ సామెతకి అర్థం ఏంటని ఆవిడ అడిగింది. తమ్ముడు ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ నవ్వింది... కళ్లు తుడుచుకుంటూ.

పార్కు వాదన ఏంటంటే...

రెండోవైపు కూడా వినాలి కదా. మా కుర్రాడినే అడిగాం. ‘రోడ్లు, దీపాలు, గడ్డి కోయడం, కొలను... ఏడాది పొడుగునా మాకు ఖర్చే. స్థలం మాది కాబట్టే మీ క్యారవాన్‌కి ఆ ధర. అందులో మాకు వాటా అడగడం తప్పా?’ అన్నాడు. పూర్తిగా కొట్టిపారేయలేని మాటే. కొత్తగా వచ్చేవాళ్లు పార్కు నియమాలకి లోబడేవాళ్లో కాదో చూసుకోవడం, కాగితాలు మార్చడం లాంటి పనులూ ఉంటాయి. సెలవు పార్కుల్లో అమ్మకంమీద 10 నుంచి 15 శాతం కమీషన్ అడగడం అక్కడ మామూలే.

ప్రశ్న కమీషన్ ఉండొచ్చా అన్నది కాదు. కొనేరోజే ఆ సంగతి చెప్పారా, కాగితంలో స్పష్టంగా రాశారా, అడిగిన ప్రతి పౌండుకీ కారణం ఉందా అన్నది. టీ ఇచ్చి, కొలను చూపించిన కుర్రాడు మాకు ఈ సంగతులేవీ చెప్పలేదు. ‘అమ్మేటప్పుడు ఎంత పోతుంది?’ అని తమ్ముడు సూటిగా అడిగాకే ఫైలు తీశాడు.

రెండు రకాల పార్కులు, రెండు చట్టాలు

ఆ రాత్రి తమ్ముడు ఇంటర్నెట్‌లో వెదికి చాలా సంగతులు చెప్పాడు. బ్రిటన్‌లో క్యారవాన్ పార్కులు రెండు రకాలు. ఒకటి, ఏడాదంతా అందులోనే కాపురముండేవి. వీటిని ‘పార్క్ హోమ్’ అంటారు. రెండోది, సెలవుల కోసం ఉండేవి. చూడ్డానికి కొంచెం ఒకేలా ఉంటాయి. చట్టం దృష్టిలో మాత్రం నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

కాపురముండే పార్కులకి 1983 నాటి మొబైల్ హోమ్స్ చట్టం ఉంది. అమ్మినప్పుడు పార్కు తీసుకునే కమీషన్ 10 శాతానికి మించకూడదు. ఒకప్పుడు అక్కడా గొడవలే. కొనడానికొచ్చినవాళ్లని పార్కు యజమానులు బెదిరించి పంపేయడం, ఆనక ఆ ఇంటిని తామే కారుచవగ్గా కొట్టేయడం జరిగేది. 2012లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ఒకటి దీన్ని విచారించి, ఈ అక్రమాలు విస్తృతంగా ఉన్నాయని తేల్చింది. మరుసటి ఏడాదే కొత్త చట్టం తెచ్చారు. దాంతో ఇంగ్లండ్‌లో అమ్మకాన్ని అడ్డుకునే దారులు చాలావరకు మూసుకుపోయాయి.

సెలవు పార్కులకి ఈ రక్షణ ఏదీ వర్తించదు. కమీషన్ ఇంతకి మించకూడదన్న చట్టం లేదు. అక్కడ కొనేవాళ్ల చేతిలో ఉండేది ‘లైసెన్స్ ఒప్పందం’ మాత్రమే. అది స్థలానికి కౌలు పట్టా కాదు, రిజిస్ట్రేషన్ కాగితమూ కాదు. ఫలానా చోట మీ క్యారవాన్ ఇన్నేళ్లు ఉంచుకోవచ్చన్న అనుమతి. పది, పదిహేను, ఇరవై ఏళ్లు... ఎంతైనా ఉండొచ్చు. గడువు ముగిస్తే క్యారవాన్ తీసేయాలి. చాలాచోట్ల క్యారవాన్ వయసుకీ పరిమితి ఉంటుంది. అక్కడే కాపురమూ పెట్టకూడదు, వేరే ఇల్లు ఉండి తీరాలి. చాలా పార్కులు చలికాలం కొన్ని వారాలు మూసేస్తారు. ఈ తీరంలో వరద భయం కూడా దానికో కారణం.

అలాగని పార్కువాళ్లు ఏం రాసుకుంటే అది చెల్లుతుందనీ కాదు. 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, నిజాయతీకి విరుద్ధంగా తక్కెడని ఒకవైపు బాగా మొగ్గించే షరతు చెల్లదు. షరతులు మామూలు మనిషికి అర్థమయ్యేలా రాయాలి. ధరనీ ఎక్కడో మూలన దాచకుండా, కంటికి కనబడేలా చూపాలి. వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ కార్యాలయం 2005లోనే సెలవు క్యారవాన్ ఒప్పందాల్లోని అన్యాయపు షరతుల గురించి మార్గదర్శకాలు ప్రచురించింది. 2014లో ఆ కార్యాలయం మూతపడ్డాక, ఆ బాధ్యత కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ అనే సంస్థకీ, స్థానిక ట్రేడింగ్ స్టాండర్డ్స్ అధికారులకీ వచ్చింది. వినియోగదారుల చట్టాన్ని ఉల్లంఘించిన కంపెనీకి, దాని ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా నేరుగా వేసే అధికారం 2025 ఏప్రిల్ నుంచి ఆ సంస్థకి ఉంది.

ఆ నాలుగొందల యాభై

సోమవారం పొద్దున ఆవిడ తన ఒప్పందం కాగితాల కట్ట తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. మెట్లమీద కూర్చుని ఒక్కో పేజీ చదివాడు. కమీషన్ 15 శాతం, వ్యాట్ అదనం- ఉంది. తొమ్మిదేళ్ల క్రితం భర్త సంతకం పక్కనే ఉంది. తనిఖీ రుసుమూ ఉంది. కానీ ‘బదిలీ ఖర్చులు’ అన్నమాట ఎక్కడా లేదు. రెండుసార్లు చదివాడు. ఆఖరి పేజీ దాకా లేదు.

‘ఇది అడగడానికి వాళ్లకి హక్కెక్కడిది?’ అన్నాడు. ఆవిడ భయపడింది. ‘గొడవపడితే కొనేవాళ్లని బెదరగొడతారేమో మి డక్. పోనీ కట్టేస్తాను’ అంది. ఆవిడ భయంలో న్యాయముంది. ఆ ఇల్లు అమ్మడానికి గడువుంది, డబ్బు అవసరముంది. అవతలివాళ్లకి తొందరేం లేదు. మార్చి దాటితే ఇంకో ఏడాది అద్దె వస్తుంది. ఇలాంటి చోట్ల చిన్నచిన్న రుసుములు పుట్టుకొచ్చేది అందుకే. వెళ్లిపోయేవాళ్లు నిలబడి పోట్లాడరని ధీమా.

బ్రిటన్‌లో ‘సిటిజన్స్ అడ్వైస్’ అని ఉచితంగా సలహా ఇచ్చే సంస్థ ఉంది. వినియోగదారుల సమస్యలకి ఫోన్‌లోనే దారి చెబుతారు. సెలవు ముగిశాక ఆవిడ వాళ్లతో మాట్లాడింది. వాళ్లు చెప్పినట్టే మర్యాదగా ఓ ఉత్తరం రాసింది. ‘కమీషనూ, తనిఖీ రుసుమూ కడతాను. బదిలీ ఖర్చులు ఒప్పందంలో ఏ నిబంధన కింద అడుగుతున్నారో రాతపూర్వకంగా తెలపండి’... అంతే, రెండే వాక్యాలు. మూడు వారాలకి జవాబొచ్చింది. నిబంధన పేరు అందులో లేదు. ‘సుహృద్భావంతో’ ఆ 450 పౌండ్లూ మినహాయిస్తున్నామని ఉంది!

అక్టోబరులో క్యారవాన్ అమ్ముడైంది. ఆవిడ చేతికి 7,610 పౌండ్లు అందాయి. మనం ఇండియాకి తిరిగొచ్చాక తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. జెరేనియం కుండీలు మాత్రం అమ్మలేదట, కొడుకు కారులో ఇంటికి తీసుకెళ్లిందట. 36 వేలు పెట్టి కొన్నదానికి అది న్యాయమైన ధరా అంటే... క్యారవాన్ కూడా కారులాంటిదే, ఏటా విలువ తగ్గేదే. ఇల్లులా పెరగదు. ఆ సంగతి కొన్నరోజే తెలిసుంటే ఆ దంపతులు కొనేవారో కాదో! ‘తొమ్మిది వేసవులు ఆయనతో ఇక్కడ గడిపాను. దానికి లెక్క కట్టలేను’ అని మెట్లమీద కూర్చుని ఆవిడే అంది ఆరోజు. ‘కానీ ఆ 450 మాత్రం నాకు లెక్కే’ అని కూడా అంది.

తమ్ముడు కొత్త క్యారవాన్ కొనలేదు. ఏటా ఒక వారం అద్దెకి తీసుకుంటే చాలని మరదలు తేల్చేసింది. మిగిలిన డబ్బుతో నాలుగేళ్లకోసారి కాదు, ఏటా ఇండియా రావచ్చని పాప లెక్క!

సంతకం చేసేముందు...

బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్లలోనూ ఇలాంటి విడిది కొనుక్కోవాలనుకునేవారు ఉంటారు. వాళ్ల కోసం తమ్ముడు రాసుకున్న ప్రశ్నలివి.

* అది కాపురముండే పార్కా, సెలవు పార్కా? చట్టపు రక్షణ దీన్నిబట్టే ఉంటుంది.

* లైసెన్స్ ఎన్నేళ్లు? క్యారవాన్ వయసుకి పరిమితి ఉందా? మీ దగ్గర కొనేవాళ్లకి మిగిలిన ఏళ్లు దక్కుతాయా, లేదా క్యారవాన్ తీసేయాలా?

* అమ్మితే కమీషన్ ఎంత? వ్యాట్ అందులో కలిసిందా, అదనమా? కమీషన్ అమ్మిన ధరమీదేనా?

* ముందు పార్కుకే అమ్మజూపాలన్న షరతు ఉందా? ఉంటే ఎన్ని రోజుల్లో జవాబివ్వాలి, ధర ఎవరు కడతారు?

* తనిఖీ, గొట్టాలు విప్పడం, గేటు దాకా లాగడం, వరండా తీయడం... ఒక్కోదానికి ఎంత? అంకెలన్నీ కాగితంమీద ఉండాలి. నోటిమాట చెల్లదు.

* ఏడాది మధ్యలో అమ్మితే ముందుగా కట్టిన స్థలం అద్దెలో మిగిలింది తిరిగిస్తారా?

* స్థలం అద్దె ఏటా ఎంత పెంచొచ్చు, దేన్నిబట్టి పెంచుతారు?

* ఒప్పందం ఇంటికి తెచ్చుకుని చదివే వ్యవధి ఇస్తున్నారా? ‘ఈరోజే సంతకం చేస్తే తగ్గింపు’ అంటే అక్కడే ఆగిపోండి.

ఇలా వెళ్లొచ్చు

స్కెగ్నెస్‌కి లండన్ నుంచి రైల్లో వెళ్లాలంటే గ్రాంథమ్‌లో మారాలి. నాటింగ్‌హామ్ నుంచి నేరుగా రైలుంది. జులై, ఆగస్టుల్లో రద్దీ ఎక్కువ. పిల్లలకి ఇంగోల్‌మెల్స్‌లోని ఫాంటసీ ఐలాండ్, దాని పక్కన సంత భలే నచ్చుతాయి. జనం వద్దనుకుంటే ఊరికి దక్షిణంగా గిబ్రాల్టర్ పాయింట్ ప్రకృతి రక్షిత ప్రాంతం ఉంది. ఇసుకదిబ్బల మధ్య నడుస్తూ వలసపక్షుల్ని చూడొచ్చు. స్వెట్టరు మాత్రం మర్చిపోవద్దు. పోస్టర్‌లో జాలరి గంతులేస్తున్నది ఊరికే కాదు మరి!